కమాండోలు ఎలా అవుతారు?

తిరుమలగిరి, బొల్లారం వైపు మిలిటరీ లారీ కనిపిస్తే చాలు, మా హాస్టల్ పిల్లలం "కమాండోలు!" అని అరిచేవాళ్లం. సైనికులందరూ కమాండోలు కారని తర్వాత తెలిసింది.

సైన్యానికి పారా స్పెషల్ ఫోర్సెస్, నౌకాదళానికి మార్కోస్, వైమానిక దళానికి గరుడ్ ఉన్నాయి. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ నడిపిన చిన్న దళమే 1966లో 9 పారా కమాండో బెటాలియన్ పుట్టడానికి దారితీసింది. మార్కోస్ 1987లో, గరుడ్ 2004లో వచ్చాయి. మార్కోస్‌కు 2016 నుంచి విశాఖ దగ్గర భీమునిపట్నంలో ఐఎన్ఎస్ కర్ణ అనే స్థావరం ఉంది. అంటే మన తెలుగు నేల మీదే! మన గ్రేహౌండ్స్‌ను (1989) కూడా కొందరు వీటిలో కలిపేస్తారు గానీ, అది పోలీసు దళం.

మరి మనలాంటివాళ్లు చేరగలమా? పారా, మార్కోస్‌లకు ఎవరినీ బలవంతంగా పంపరు. ఇష్టపడి పేరిచ్చినవారినే పరీక్షిస్తారు. నెలల తరబడి బరువులు మోయిస్తారు, నిద్ర లేకుండా నడిపిస్తారు. ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు. అందులో సిగ్గుపడాల్సింది లేదని మా అభిప్రాయం.

మార్కోస్‌కు ఈత తప్పనిసరి. మాలో ఊరి బావుల్లో ఈత నేర్చినవాళ్లు, నీళ్లంటే భయపడే సిటీవాళ్లను ఆటపట్టిస్తున్నారు. వేసవి సెలవుల్లో తమ ఊళ్లకు తీసుకెళ్లి నేర్పిస్తామని మాటైతే ఇచ్చారు.