ఏ పని ముందు?

పిల్లలూ, హైదరాబాదు అనే పేరుగల నగరాలు రెండు ఉన్నాయని మీకు తెలుసా? ఒకటి మన మూసీనది ఒడ్డున ఉన్నది. రెండవది పాకిస్తాన్‌లో, సింధునది సమీపాన ఉన్నది. ఈ కథ ఆ రెండవ హైదరాబాదులో మొదలై, మన హైదరాబాదు దాకా వస్తుంది.

2016 చివరలో ఆ నగరంలో చాలామంది పిల్లలకు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. టైఫాయిడ్ కొత్త జబ్బేమీ కాదు, దానికి మందులున్నాయి. కాని ఈసారి డాక్టర్లు అలవాటుగా ఇచ్చే మందులు ఇస్తే జ్వరం దిగలేదు. పరీక్షించి చూడగా, ఆ క్రిమి 5 రకాల మందులకు లొంగకుండా తయారైనట్టు తేలింది. నోటితో మింగే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అదీ పనిచేయకుండా పోతే?

క్రిమికి ఈ మొండితనం ఎలా వచ్చింది? యాంటీబయోటిక్ మందు వేసుకున్నప్పుడు, దానికి లొంగే క్రిములు చస్తాయి. ఏ కొద్ది క్రిములకో మందును తట్టుకునే గుణం ఉంటే, అవి మాత్రం బతికి, తమవంటివాటినే పుట్టిస్తాయి. అనవసరంగా మందులు వాడినకొద్దీ ఇలాంటివి పెరుగుతాయి. అంతేగాక, ఒక జాతి క్రిమి తనకున్న ఈ గుణాన్ని మరొక జాతి క్రిమికి ఇవ్వగలదు! ఆ టైఫాయిడ్ క్రిమి కూడా అలా వేరొక క్రిమి నుంచి సంపాదించినదే.

ఇప్పుడు మీరే ఆ నగరానికి పెద్దలనుకోండి. మీ ముందు మూడు పనులున్నాయి. కొత్త మందు కనిపెట్టించడం ఒకటి. తాగేనీటిలో మురుగు కలవకుండా గొట్టాలు బాగుచేయించడం రెండు. పిల్లలకు టీకాలు వేయించడం మూడు. ఏది ముందు చేస్తారు?

కొత్త మందు రావడానికి పదేళ్లయినా పట్టవచ్చు. పైగా దానికీ క్రిమి మొండికెత్తవచ్చు. గొట్టాల పని చాలా మంచిది. అది టైఫాయిడ్‌నే కాదు, కలరానూ ఆపుతుంది. కాని నగరమంతా తవ్వి మార్చాలంటే ఏళ్లు పడుతుంది. టీకా ఆపేది ఒక్క టైఫాయిడ్‌నే, అయినా వెంటనే వేయవచ్చు.

అందుచేత 2018లో అక్కడ 2 లక్షల పైచిలుకు పిల్లలకు టీకాలు వేశారు. ఆ టీకా ఎక్కడ తయారైందనుకున్నారు? మన హైదరాబాదులో, భారత్ బయోటెక్ సంస్థలో! టీకా వేసుకున్న పిల్లలలో ఆ మొండి టైఫాయిడ్ 97 శాతం తగ్గినట్టు తరువాత లెక్క తేలింది. 2019లో పాకిస్తాన్ ఈ రకం టీకాను పసిపిల్లలకు మామూలుగా వేసే టీకాలలో చేర్చడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

అయితే టీకా వేసి ఊరుకోవచ్చునా? 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెప్పారు. తక్కువ ఆదాయం, మధ్యస్థ ఆదాయం గల దేశాలలో, మందులకు లొంగని క్రిములతో ముడిపడిన మరణాలలో ఏటా సుమారు 7 లక్షల 50 వేలు ఆపవచ్చునట. ఆసుపత్రులలో చేతులూ, పనిముట్లూ శుభ్రంగా ఉంచితే 3,37,000. అందరికీ మంచినీరు, మరుగుదొడ్లు ఉంటే 2,47,800. పిల్లలకు టీకాలు వేస్తే 1,81,500. చూశారా! అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఆసుపత్రి శుభ్రత!

కనక ఏ పని ముందు అని తేల్చడానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: "దీనివల్ల ఎందరు బతుకుతారు? దీన్ని ఎంత త్వరగా చేయగలం?" ఒకటి ముందు చేశామంటే రెండవది మానేయమని కాదు. టీకాలు వేసినంత మాత్రాన గొట్టాల పని తీరిపోదు గదా!

మరి మీ ఇంట్లో ఏ పని ముందు? అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం. మీకు ఏ టీకాలు వేయించారో అమ్మనూ, నాన్ననూ అడగడం. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. యాంటీబయోటిక్ దాన్నేమీ చేయలేదు గనుక, డాక్టరు చెప్పకుండా దాన్ని కొనకపోవడం. రాని జబ్బుకు మందే అక్కరలేదు. వాడకుండా దాచుకున్న మందు, నిజంగా అవసరమైన రోజున ఒక ప్రాణాన్ని కాపాడుతుంది.