పాత పుస్తకం చాలా, కొత్త ఎడిషనే కొనాలా? గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ పాఠ్యపుస్తకాల ఎంపిక ఎలా?

జంషెడ్‌పూర్‌లో డిగ్రీలో చేరిన విద్యార్థికి సిలబస్‌తో పాటు పుస్తకాల జాబితా కూడా అందుతుంది. అందులోని పుస్తకాలన్నీ కొనే స్తోమత చాలా కుటుంబాలకు ఉండదు. ఏది కొనాలి, ఏది గ్రంథాలయంలో చదువుకోవాలి, ఏది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా సరిపోతుంది అన్నది మొదటి నెలలోనే తేల్చుకోవలసిన ప్రశ్న.

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఈ నగరానికి వలస వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల్లో కొందరు 2009లో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో, మరికొందరు ఆదిత్యపూర్‌లోని ఎన్ఐటీలో చదువుతున్నారు. డిగ్రీ స్థాయి గణితం తెలిసిన పెద్దలు ఇంట్లో లేనప్పుడు సీనియర్ చెప్పిన పేరో, దుకాణదారుడు చూపిన గైడో కొనుక్కోవడం పరిపాటి.

గైడ్ పరీక్షకు ముందు పాత ప్రశ్నలు చూసుకోవడానికి పనికొస్తుంది. అయితే ఒక సిద్ధాంతం ఎందుకు నిజమో వివరించడం దాని పని కాదు. అందుకు పాఠ్యపుస్తకమే కావాలి. పైగా ఈ మూడు శాస్త్రాల్లో పుస్తకాలు పాతబడే వేగం ఒకేలా ఉండదు. ఈ తేడా తెలిస్తే చాలా డబ్బు ఆదా అవుతుంది.

గణితం: పాతదైనా పరవాలేదు

వాల్టర్ రూడిన్ రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ అనాలసిస్’ మొదట 1953లో వెలువడింది. ప్రపంచమంతటా నేటికీ చదువుతున్నది 1976 నాటి మూడో ఎడిషన్‌నే. ఒకసారి రుజువైన సిద్ధాంతం కాలం గడిచినంత మాత్రాన చెల్లకుండా పోదు. కాబట్టి గణితంలో పాత ఎడిషన్ కొనడానికి సంకోచించనక్కర్లేదు. అభ్యాసాల సంఖ్యలు మారి ఉంటాయేమో సహాధ్యాయి పుస్తకంతో పోల్చి చూసుకుంటే చాలు.

ఇక్కడ చూడవలసింది పుస్తకం వయసు కాదు, స్థాయి. రూడిన్ వివరణ చాలా క్లుప్తంగా ఉంటుంది. అదే విషయాన్ని బార్టిల్, షెర్బర్ట్‌ల ‘ఇంట్రడక్షన్ టు రియల్ అనాలసిస్’ మరింత నిదానంగా, ఉదాహరణలతో చెబుతుంది. సొంతంగా చదువుకునే విద్యార్థికి మొదటి పుస్తకంగా రెండోదే సులువు.

గణాంకశాస్త్రం: సిద్ధాంతం పాతది, సాధనం కొత్తది

భారతీయ కళాశాలల్లో గుప్తా, కపూర్‌ల ‘ఫండమెంటల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్’ సుపరిచితం. విస్తృతమైన సిలబస్, లెక్కల సంఖ్య దాని బలం. సంభావ్యతా సిద్ధాంతానికి పాత ప్రతి అయినా చాలు. అయితే ఇప్పుడు దత్తాంశాలను విశ్లేషించేది ఎక్కువగా ఆర్, పైథాన్ వంటి సాధనాలతో. అందువల్ల సిద్ధాంతానికి ఒకటి, కంప్యూటర్‌పై సాధనకు మరొకటి అవసరమవుతాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచ ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్తగా ఎదిగిన సి.ఆర్. రావు 1965లో ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్’ ప్రచురించారు. అది ఆ రంగంలో ప్రామాణిక గ్రంథం. కానీ దాన్ని డిగ్రీ మొదటి సంవత్సరంలో చేతపట్టడం తొందరపాటే. అది పోస్ట్ గ్రాడ్యుయేషన్ స్థాయిలో చదవదగినది. రచయిత ఎంత గొప్పవారైనా, పుస్తకం విద్యార్థి ఉన్న మెట్టుకు తగినదై ఉండాలి.

కంప్యూటర్: రెండు రకాల పుస్తకాలు

అల్గారిథమ్‌ల పుస్తకాలు చాలాకాలం నిలుస్తాయి. ప్రోగ్రామింగ్ భాషల పుస్తకాలు త్వరగా పాతబడతాయి. ‘టర్బో సి’ కోసం రాసిన పుస్తకంలోని ‘కోనియో.హెచ్’ ఉన్న ప్రోగ్రాములు నేటి జీసీసీ కంపైలర్‌లో సాధారణంగా నడవవు. పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఆ భాషలో నేర్చుకున్న ‘ప్రింట్’ వాక్యం పైథాన్ 3లో తప్పుగా తేలుతుంది. దోషం పుస్తకానిదైతే, తనకే రావడం లేదని విద్యార్థి కుంగిపోయే ప్రమాదం ఉంది. కొనేముందు ఒకటి రెండు ప్రోగ్రాములు నోట్ చేసుకుని సొంత కంప్యూటర్‌లోనో, కళాశాల ల్యాబ్‌లోనో నడిపి చూడటం మేలు.

భాష మాటేమిటి?

ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, డిగ్రీ పుస్తకంలో ఇంగ్లిష్. జంషెడ్‌పూర్ తెలుగు విద్యార్థుల్లో కొందరి పరిస్థితి ఇది. ‘లిమిట్’ను తెలుగులో అవధి అంటారు, హిందీలో సీమా అంటారు. ‘ప్రాబబిలిటీ’ తెలుగులో సంభావ్యత, హిందీలో ప్రాయికతా. ఈ మూడు భాషల పదాలనూ ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటే ఇంగ్లిష్ పుస్తకం మీద భయం తగ్గుతుంది. సాంకేతిక విద్య పుస్తకాలను ఏఐసీటీఈ ‘ఈ-కుంభ్’ పోర్టల్‌లో హిందీ, తెలుగు సహా పలు భారతీయ భాషల్లో ఉచితంగా అందిస్తోంది.

డబ్బు పెట్టకుండా దొరికేవి

షెల్డన్ ఆక్స్‌లర్ ‘లీనియర్ ఆల్జీబ్రా డన్ రైట్’ నాలుగో ఎడిషన్‌ను, ‘యాన్ ఇంట్రడక్షన్ టు స్టాటిస్టికల్ లెర్నింగ్’ పుస్తకాన్ని వాటి రచయితలే వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంచారు. ఈ రెండో పుస్తకం ఆర్, పైథాన్ రెండింటికీ విడివిడిగా ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ నిర్వహించే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలూ ఉచితమే.

ఎంపికకు ఒక పరీక్ష

సిలబస్‌లో కష్టంగా తోచిన ఒక అంశాన్ని ఎంచుకుని, దాన్నే గ్రంథాలయంలో రెండు మూడు పుస్తకాల్లో చదవాలి. తర్వాత పుస్తకం మూసి ఆ నిర్వచనాన్ని సొంత మాటల్లో రాయాలి. జవాబు చూడకుండా రెండు అభ్యాసాలు చేయాలి. ఏ పుస్తకం చదివాక ఈ పని సాధ్యమైందో, ఆ పేపరుకు కొనదగినది అదే. మిగిలినవి గ్రంథాలయంలో చదువుకోవచ్చు.