క్లాప్ కొట్టే కుర్రాడికి కంటి నిండా నిద్రేదీ?

"మావాడు డిగ్రీ అవగానే సినిమా డైరెక్షన్ నేర్చుకుంటానని హైదరాబాదు వెళ్లాడండీ. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాడు. సంక్రాంతికి ఇంటికొస్తే గుర్తుపట్టలేకపోయాం. ఎప్పుడూ కడుపులో మంట అంటాడు. ఏదైనా పెద్ద జబ్బేమో చూడండి" అంటూ ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది.

ఎనిమిది కిలోలు తగ్గాడు. రక్తం, షుగరు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూశాం. చెప్పుకోదగ్గ జబ్బేమీ కనిపించలేదు. మోచేతి మీద మాత్రం మానుతున్న దెబ్బ ఉంది. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి అడిగాను. "రాత్రి షూటింగ్ ప్యాకప్ అయ్యాక బండి మీద వస్తూ కునుకు పట్టేసిందండీ. డివైడర్‌కి కొట్టుకున్నాను. అమ్మకి చెప్పకండి" అన్నాడు.

అతని దినచర్య వినండి. ఉదయం ఆరింటికి కాల్షీట్ అంటే నాలుగున్నరకే గది వదలాలి. క్లాప్ కొట్టాలి, కంటిన్యూటీ రాసుకోవాలి, ఆర్టిస్టుల్ని పిలవాలి. అందరికంటే ముందు రావాలి, అందరి తర్వాత వెళ్లాలి. టిఫిన్ వేళకి పనుంటుంది, భోజనం వేళకి కూర అయిపోతుంది. రోజుకి పది పన్నెండు టీలు. చేతికొచ్చేది బేటా డబ్బులే. ఇలాంటి కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

మొదటిది నిద్ర. పెద్దవారికి రోజుకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. రాత్రి షూటింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకుని వెళ్లండి. పొద్దున్న తిరిగొచ్చాక కిటికీకి దళసరి దుప్పటి కట్టి, గది చీకటి చేసుకుని పడుకోండి. టీ, కాఫీల్లోని కెఫీన్ దాదాపు ఐదు గంటలు గడిచినా సగం ఒంట్లోనే ఉంటుంది. అందుకని పడుకోబోయే ముందు ఆరు గంటలు వాటి జోలికి పోకండి.

రెండవది బండి. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు తేల్చారు. మన చట్టం బండి నడిపేవారికి ఒప్పుకునేది 0.03 శాతమే! అంటే చుక్క ముట్టకపోయినా తాగినవాడితో సమానమన్నమాట. 1997లో అమెరికాలో 'ప్లెజెంట్‌విల్' సినిమాకి పనిచేస్తున్న ఒక అసిస్టెంట్ కెమెరామన్, పంతొమ్మిది గంటల పని తర్వాత కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తూ నిద్రలోకి జారి, ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలోంచే ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ సినిమావాళ్ల నిద్రలేమి మీద 2006లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. కాబట్టి ప్యాకప్ అయ్యాక కళ్లు మూతలు పడుతుంటే కంపెనీ బండి ఎక్కండి. అది లేకపోతే లొకేషన్‌లోనే ఒక కునుకు తీసి, మగత పూర్తిగా వదిలాకే బయలుదేరండి. మొహం కడుక్కున్నంత మాత్రాన నిద్ర పోదు.

మూడవది తిండి. గది వదిలేముందు రెండు అరటిపళ్లో, ఉడికించిన గుడ్డో తినండి. జేబులో ఒక వేరుశనగ చెక్కీ ఉంచుకోండి. తలనొప్పికి ఖాళీ కడుపుతో నొప్పిమాత్రలు మింగడం అల్సర్‌ని చేతులారా తెచ్చుకోవడమే. మంట రెండు వారాలకి మించినా, బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అయినా డాక్టరుకి చూపించుకోండి.

నాలుగవది నీళ్లు. ఎండలో అవుట్‌డోర్ ఉంటే మూత్రం రంగు గమనించండి. ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని అర్థం. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. బాత్రూం సౌకర్యం లేదని కొందరు అమ్మాయిలు నీళ్లు తాగడమే మానేస్తారు. అది మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి దారి తీయవచ్చు. లొకేషన్‌లో బాత్రూం ఎక్కడో ముందే అడగండి, ఇందులో సిగ్గేమీ లేదు. ఎండలో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడితే వెంటనే నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

చివరిది మనసు. పదిమందిలో తిట్లు తినడం, సినిమా మధ్యలో ఆగిపోవడం, టైటిల్స్‌లో పేరు పడకపోవడం చిన్న దెబ్బలు కావు. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా దాచుకోకండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్లు, తెలుగులోనే పలుకుతుంది.

ఆ కుర్రాణ్ని సినిమా మానెయ్యమని నేను చెప్పలేదు. చెప్పినా వినడు. బండి సంగతి మాత్రం అతని నోటితోనే తల్లికి చెప్పించాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "అలాంటి రాత్రి అక్కడే పడుకోరా, ఇంటికి రావద్దు" అంది.

తల్లిదండ్రులకి ఒక్క మనవి. ఫోన్ చేసినప్పుడల్లా "నీ సినిమా ఎప్పుడ్రా?" అని అడక్కండి. "తిన్నావా, పడుకున్నావా?" అని అడగండి. దానికైతే వాడు నిజం చెబుతాడు.