ఉప్పునీటి వాకిట్లో మంచినీటి రొయ్యలు

అండమాన్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర నిలబడితే ఎదుట సముద్రమే. అద్దాల తొట్టిలో పెంచే ఎర్ర చెర్రీ రొయ్యకు మాత్రం ఆ నీరు చుక్క కూడా పనికిరాదు. తైవాన్, చైనా వాగుల జాతి ఇది, బతుకంతా మంచినీటిలోనే. మన గోదావరి నీలకంఠ రొయ్య పిల్లలకైతే ఉప్పు కలిసిన నీరు కావాలి.

చెర్రీ రొయ్యలకు 20 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, కాస్త నాచు చాలు. ఓపికే కష్టం. చిటికెడు చేపల మేత వేసి, ఫిల్టర్ నడుపుతూ నాలుగైదు వారాలు ఆగాలి. మంచి బ్యాక్టీరియా కుదురుకుని అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరాకే రొయ్యలను వదలాలి.

అండమాన్‌లో వానలకు కొదవలేదు, కానీ వాననీటిలో ఖనిజాలుండవు. కాల్షియం, మెగ్నీషియం అందకపోతే రొయ్య పెంకు విడవలేక చస్తుంది. వేరేచోట్ల పగడపు ముక్కలు వేస్తారు. ఇక్కడ తీరంలో వాటిని ఏరితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు! అక్వేరియం దుకాణాల్లో అమ్మే ఖనిజ లవణాలే దారి. రాలి ఎండిన బాదం ఆకును కడిగి వేస్తే, దానిమీద పేరుకున్న పొరను రొయ్యలు ముందుకాళ్లతో గబగబా గీరి తింటాయి.

నీరు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. తొట్టి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పాలి. దోమల స్ప్రే, రాగి కలిసిన చేపల మందు వీటికి విషం. వారానికోసారి పదోవంతు నీరు, క్లోరిన్ పోగొట్టి, మార్చాలి.

అడుగున విడిచిన పెంకు కనిపిస్తే తీయనక్కర్లేదు, అవే తినేస్తాయి. ఆడరొయ్య పొట్టకింద గుడ్లు నెల తిరక్కుండానే పిల్లలవుతాయి. రెండు మిల్లీమీటర్ల ఆ పిల్లల్ని మోటారు ఫిల్టర్ పీల్చేస్తుంది, స్పాంజ్ పీల్చదు.