శుభలేఖ మీద వంకీల అక్షరాలు

ఇంట్లో పెళ్లి తలపెట్టగానే మనం ముందు చూసుకునేది చీరలు, ఆ తర్వాత శుభలేఖలు. ఈ మధ్య శుభలేఖల దుకాణానికి వెళితే "బాపు అక్షరాల్లో వెయ్యమంటారా అమ్మా?" అని వాళ్లే అడుగుతున్నారు. మా పిల్లలు వాటిని పాతకాలం స్టయిలు అంటారు. వారపత్రికల్లో కథల పేర్లు ఆ అక్షరాల్లోనే చదువుకుంటూ పెరిగిన మనకు అవి పాతవెలా అవుతాయి చెప్పండి! సరే, ఈ వేళ ఆ అక్షరాల సంగతే మాట్లాడుకుందాం.

బాపుగారు 1933లో నరసాపురంలో పుట్టారు, 2014లో పోయారు. బొమ్మలెంత ముద్దుగా వేసేవారో, బొమ్మ పక్కన పేరు కూడా అంత ముద్దుగా రాసేవారు. తన సినిమాల పేర్లూ తనే రాసుకునేవారు. ఆ రోజుల్లో ప్రెస్సులో సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. గుణింతాలూ ఒత్తులూ కలిపి తెలుగుకు అరలకు అరలు కావాలి. అందులో పెద్ద సైజుల్లో, రకరకాల సొగసుల్లో అక్షరాలంటే ఎక్కడ దొరుకుతాయి? అందుకని శీర్షికను చిత్రకారుడి చేత రాయించి, బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. అలా అవసరం కొద్దీ పుట్టిన అందం అది. కంప్యూటర్లు వచ్చాక ఆ చేతిరాత పోలికనే ఫాంటుగా చేశారు.

ఆ అక్షరాన్ని ఓసారి పరకాయించి చూడండి. గీత ఒకచోట లావుగా మొదలై చివరకు సన్నబడిపోతుంది. తలకట్టు విసిరినట్టుంటుంది. కొమ్ములూ ఒత్తులూ బుద్ధిగా గీత మీద కూర్చోవు, పక్క అక్షరాన్ని రాసుకుంటూ కిందికి జారతాయి. అందుకే పేరు చూడగానే ఎవరో మనకోసం చేత్తో రాసిపెట్టినట్టు అనిపిస్తుంది.

పోయినేడు మా పెద్దమ్మాయి పెళ్లికి కార్డు మొత్తం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఈ వంకీల అక్షరాల్లోనే వేయించాను. ప్రెస్సు అబ్బాయి "అంకెలు మామూలువి పెడదామండీ" అన్నాడు కూడా. నేనే వినలేదు. ముహూర్తం ఉదయం 7-50. ఆ ఏడు అంకె తల మీద వంకీ చుట్టుకుపోయి, అచ్చం తొమ్మిదిలా పడింది. అమ్మ పోయాక నన్ను పెంచిన పిన్ని గుడివాడలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో ముందురోజు రాలేకపోయింది. "పొద్దున్నే వచ్చెయ్ పిన్నీ" అని ఫోన్‌లో చెప్పానే గాని టైము చెప్పలేదు, కార్డులో ఉందిగా అనుకున్నాను. ఆవిడ 9-50కి లెక్కేసుకుని, అరగంట ముందే వచ్చానని సంబరపడుతూ మంగళగిరిలో మా మండపం దగ్గర ఆటో దిగింది. అప్పటికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. నన్నొక్క మాట అనలేదు. కార్డు తీసి నా చేతిలో పెట్టింది, అంతే.

అప్పట్నించీ శుభలేఖ కనబడితే ముందు అంకెలు చూడడం నాకు అలవాటైంది. మా ఊరి గాలిగోపురం పదకొండంతస్తులు. దూరంనుంచి చూసి, అదుగో మంగళగిరి అనుకోవడానికి. కాపురం మాత్రం కింద పెంకుటింట్లోనే కదా చేస్తాం! అలంకారపు అక్షరమూ అంతే. వధూవరుల పేర్లకు, ఇంటి పేరుపలకకు, దుకాణం బోర్డుకు, పచ్చడి సీసా మీద పచ్చడి పేరుకు బాగుంటుంది. ముహూర్తం, చిరునామా, ఫోను నెంబరు, సీసా మీద తూకం, తయారైన తేదీ, ఇవన్నీ మామూలు అక్షరాల్లోనే ఉండాలి.

పేర్ల దగ్గర కూడా ఓ తంటా ఉంది. మన లిపిలో ద, ధ లకు తేడా కింద ఉన్న చిన్న గీత. ప, ఫ లకూ అంతే. అక్షరం చిన్నదైనకొద్దీ ఆ గీత వంకీలో కలిసిపోతుంది. రాధ కాస్తా "రాద" అవుతుంది. పెళ్లికూతురే రాదంటే ఎలాగండీ!

ఇప్పుడు గూగుల్ వారి దగ్గర మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి అంటూ రాయలవారి సభలోని కవుల పేర్లు పెట్టారు. రామభద్ర అనేది లావుగా ఉండి శీర్షికకు బాగుంటుంది. వివరాలకు "మండలి" వాడమని అడగండి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మన దివిసీమ మండలి వెంకట కృష్ణారావుగారి పేరది. అక్షరం తేటగా ఉంటుంది.

ఇంకో మాట. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూపిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, మోసపోకండి. అసలు సైజులో, అసలు రంగు కాగితం మీద ఒక్క ప్రతి తీయించండి. ఎర్రకాగితం మీద బంగారు రంగయితే దీపం వెలుగులో కూడా చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి పైకి చదవమనండి.

మొన్న మా తమ్ముడి గృహప్రవేశం కార్డు ప్రతిని గుడివాడ తీసుకెళ్లాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, దంపతుల పేర్ల వంకీలను వేలితో తడిమి "బాపు రాసినట్టుందే" అంది. ఆ తర్వాత ముహూర్తం రెండుసార్లు పైకి చదివింది.