ఊలు అల్లిక బొమ్మ

ఊలు అల్లిక బొమ్మ అనగా రెండు సూదులతో ఊలు దారాన్ని అల్లి, ఆ అల్లికను సంచి వలె కుట్టి, లోపల దూది వంటి మెత్తని పదార్థాన్ని నింపి తయారు చేసే ఆటబొమ్మ. అల్లిక కొత్తగా నేర్చుకొనేవారికి ఇది అనుకూలమైన తొలి వస్తువు. స్వెటరు ధరించేవారి ఒంటికి సరిపోవాలి. బొమ్మ ఒక అంగుళం పెద్దదైనా, చిన్నదైనా ఇబ్బంది లేదు. అయితే అల్లిక వదులుగా ఉండరాదు. వదులైతే లోపలి దూది బయటకు వచ్చి పసిపిల్లల నోటిలోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నర్సాపురం లేసు అల్లిక దీనికి భిన్నమైనది. అది కొక్కెం గల ఒకే సూదితో చేసే క్రోషే పని. రెండు సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ సూదిపైనే ఉంటాయి. కనుక ఒక కుట్టు జారితే అది కింది వరుసల వరకు విడిపోగలదు.

నమూనాను చదివే విధానం

ఏ వరుసలో ఏ కుట్టు వేయాలో తెలిపే సూచనల పత్రాన్ని నమూనా అంటారు. ఇవి ఎక్కువగా ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఉంటాయి.

* "కె" అనగా నిట్ కుట్టు, "పి" అనగా పర్ల్ కుట్టు. "కె 10" అంటే పది నిట్ కుట్లు.
* "కె 2 టాగ్" అంటే రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లడం. దీనివల్ల ఒక కుట్టు తగ్గుతుంది.
* నక్షత్రపు గుర్తు తరువాతి భాగాన్ని, నమూనాలో చెప్పినంత వరకు తిరిగి తిరిగి అల్లాలి.
* వరుస చివర విడిగా ఇచ్చే అంకె, ఆ వరుస పూర్తయ్యేసరికి సూదిపై ఉండవలసిన కుట్ల సంఖ్య.

సూది నంబరు విషయంలో పొరపాటు జరుగుతుంటుంది. పాత బ్రిటిషు లెక్కలో 10వ నంబరు సూది మందం 3.25 మి.మీ., అమెరికా లెక్కలో అదే నంబరు సూది మందం 6 మి.మీ. కనుక నంబరును కాక మిల్లీమీటర్లనే చూడాలి.

తొలి బొమ్మ: చదరపు కుందేలు

3.25 మి.మీ. సూదులు, డబుల్ నిటింగ్ రకం ఊలు దీనికి సరిపోతాయి. లేత రంగు ఊలులో కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

# సూదిపై 30 కుట్లు ఎక్కించి, అన్నీ నిట్ కుట్లతోనే 60 వరుసలు అల్లి ముగించాలి. ప్రతి రెండు వరుసలకు ఒక గట్టు ఏర్పడుతుంది. 30 కుట్లకు 30 గట్లు వస్తే అల్లిక సుమారు చదరంగా ఉంటుంది. మూల నుండి మూలకు మడిచి దీనిని సరిచూడవచ్చు.
# చదరం మధ్యలో అడ్డంగా, ఒక పక్క అంచు నుండి రెండవ అంచు వరకు, ఊలు దారంతో దూరం దూరంగా కుట్టాలి. ఆ గీత రెండు చివరల నుండి పై అంచు మధ్యబిందువు వరకు కూడా కుడితే త్రికోణం ఏర్పడుతుంది.
# దారాన్ని లాగితే త్రికోణం ముడుచుకొని తల అవుతుంది. పైన మిగిలిన రెండు మూలలు చెవులవుతాయి. తలలో దూది ఉంచి, బిగించి ముడి వేయాలి.
# కింది సగంలోని రెండు పక్క అంచులను వెనుక కలిపి కుట్టి, దూది నింపి, అడుగు అంచు చుట్టూ దారం గుచ్చి లాగి మూయాలి. తోకగా ఊలు కుచ్చును గట్టిగా కుట్టాలి.

సాధారణ పొరపాట్లు

30 కుట్లు నాలుగు వరుసల తరువాత 33 కావడం కొత్తవారికి తరచు ఎదురయ్యే సమస్య. వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనుకకు పోతే మొదటి కుట్టు రెండుగా కనిపిస్తుంది. రెండింటినీ అల్లడం వల్ల సంఖ్య పెరుగుతుంది. దారాన్ని సూది కింది నుండి వెనుకకు తేవాలి. ప్రతి వరుస తరువాత కుట్లు లెక్కించాలి. జారిన కుట్టుకు వెంటనే పిన్నీసు పెట్టి, క్రోషే సూదితో ఒక్కొక్క వరుసే పైకి తేవాలి.

అల్లిక దట్టంగా రావాలని దారాన్ని బిగించి లాగరాదు. కుట్టులోకి సూది దూరదు. దట్టదనం సన్నని సూదిని ఎంచుకోవడం వల్ల రావాలి.

నేర్పేవారు పొరపాటు కనబడగానే సూదులు తమ చేతిలోకి తీసుకోరాదు. అలా చేస్తే బొమ్మ పూర్తవుతుంది గాని నేర్చుకొనేవారికి పొరపాటు దిద్దుకోవడం రాదు. వేరొక జత సూదులపై చేసి చూపి, సరిదిద్దే పనిని వారికే వదలాలి.

భద్రత

మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు కుట్టరాదు. అవి ఊడితే గొంతులో అడ్డుపడి ఊపిరి ఆడకుండా చేస్తాయి. కళ్ళు, ముక్కు ఊలుతోనే కుట్టాలి. మామూలు దూది ఉతికినప్పుడు గడ్డ కడుతుంది కనుక పాలియెస్టర్ దూది మేలు.

భారతదేశంలో అమ్మే ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. ఇంట్లో అల్లిన బొమ్మను పరీక్షించవలసినది అల్లినవారే. బిడ్డ చేతికి ఇచ్చే ముందు చెవులు, తోక, ప్రతి అతుకు గట్టిగా లాగి చూడాలి. ఎక్కడైనా దూది కనిపిస్తే అక్కడ మళ్ళీ కుట్టాలి.