దిబ్బలో విషమెంత, దుడ్డెంత?

కోలారు బంగారు గనుల ఊళ్లో సైనైడ్ గుట్టల మాటెత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. వందేళ్లుగా వాటి పక్కనే కాపురాలు చేస్తున్నాం, మాకేమైంది అనేది ఒకటి. గుట్టల్లో ఇంకా బంగారం ఉంది, దాన్ని తవ్వుకోవడానికే విషమని భయపెడుతున్నారు అనేది రెండోది. బయటివాళ్లు ఈ రెంటినీ తెలియనితనమని కొట్టిపారేస్తారు. నేనలా అనలేను. ఈ అనుమానాల వెనక గట్టి అనుభవమే ఉంది. కాకపోతే అసలు అనుమానించాల్సింది కాస్త పక్కన ఉండిపోయింది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడ పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా సుమారు 800 టన్నుల బంగారం బయటికొచ్చింది. రాయిని ముగ్గుపిండిలా దంచి సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెడితే బంగారం ఆ నీళ్లలోకి కరుగుతుంది. మిగిలిన పిండిని పక్కన పోశారు. అలా పోగుపడినవే ఈ 13 దిబ్బలు. వెయ్యి ఎకరాల మీద దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు.

పేరులోనే చిక్కంతా ఉంది. సైనైడ్ అనగానే నాలుక మీద పెట్టుకుంటే ప్రాణం పోయే మందు గుర్తొస్తుంది. గుట్టల మీద పిల్లలు ఆడుకున్నారు, సినిమా వాళ్లు సెట్లు వేసుకున్నారు, ఎవరూ చనిపోలేదు. కాబట్టి ప్రమాదమే లేదనుకోవడం సహజం. నిజానికి ఎండ, గాలి తగిలితే సైనైడ్ విరిగిపోతుంది. ఇనుముతో ముడిపడినది మాత్రం దిబ్బ లోపల చాలాకాలం ఉండగలదు. చివరి పిండి పోసి ఇరవై ఏళ్లు దాటాక, పైపొరలో వెతకాల్సిన శత్రువు సైనైడ్ కాదు.

వెతకాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది ఆ పిండే. కోలారు బంగారం ఎక్కువగా పలుగురాతిలో దొరికింది. పలుగురాయి మెత్తని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, మచ్చకట్టి ఊపిరిని బిగిస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. 1940 నుంచి 46 మధ్య ఈ గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా ఆ జబ్బు కనిపించింది. అది భూగర్భంలో రాయి కొట్టినవాళ్ల సంగతి, గుట్ట పక్కన ఇల్లున్నవాళ్లకు అంత మోతాదు ఉండదు. ఎంత ఉంటుంది అన్నదే అసలు ప్రశ్న. గాలుల కాలంలో రాబర్ట్‌సన్‌పేటలో, ఛాంపియన్ రీఫ్స్‌లో ఆరేసిన బట్టల మీద, మూతలేని గిన్నెల్లో పేరుకునే పొడి ఆ ప్రశ్నను ఏటా గుర్తుచేస్తుంది.

రెండోది ఆర్సెనిక్, ఆమ్లం. గంధకం కలిసిన ఖనిజాల మీద వాననీరూ గాలీ పనిచేస్తే గంధకామ్లం పుడుతుంది. అది రాతిలోని ఆర్సెనిక్‌నూ లోహాలనూ కరిగించి కిందికి తీసుకుపోతుంది. ఛాంపియన్ అనే బంగారు పొరలో ఈ ఖనిజాలు తక్కువ, పడమటి పొరల్లో ఎక్కువ. అంటే దిబ్బకూ దిబ్బకూ గుణం మారుతుంది. అన్నిటికీ కలిపి ఒకే మాట చెప్పేవాళ్లను, భయపెట్టినా ధైర్యం చెప్పినా, నమ్మనక్కర్లేదు. పైగా కోలారు బోరునీళ్లలో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువ. ఒంట్లో నొప్పి నీటిదా, ధూళిదా, గనిలో గడిచిన యవ్వనానిదా? విడదీయడం డాక్టరుకే కష్టం.

ఇక దుడ్డు సంగతి. ఒక్క రోజులో మూతపడిన గనుల కార్మిక కుటుంబాలు బకాయిల కోసం, ఉంటున్న క్వార్టర్ల హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగాయి. అలాంటి ఊళ్లో ప్రభుత్వం శుభ్రం చేస్తాననగానే ఎవరు నమ్ముతారు? 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆ 13 దిబ్బల్లో తవ్వకాలకు ఒప్పుకుంది. గమనించండి, అది మొదట తవ్వకం పథకం. టన్నుకు గ్రాము కన్నా తక్కువ బంగారం తీసుకున్నాక మిగతా పిండంతా అలాగే ఉంటుంది, మళ్లీ దంచితే ఇంకా మెత్తగా అవుతుంది. జొహన్నెస్‌బర్గ్‌లో పాత దిబ్బలను ఇలా తిరగతోడి బంగారం తీస్తున్నారు, కొత్త చోట మళ్లీ పోస్తున్నారు. ఆ కొత్త చోటికి అడుగున పరుపు, పైన మట్టి, గడ్డి ఎవరి ఖర్చుతో వేస్తారన్నది టెండరులోనే తేలాలి. కెనడాలోని జెయింట్ గనిలో కంపెనీ దివాళా తీసి 2,37,000 టన్నుల ఆర్సెనిక్ పొడిని వదిలేసింది. ఆ గని శుద్ధి అంచనా 400 కోట్ల డాలర్లు దాటింది. భారమంతా ప్రజల నెత్తినే.

కోలారు జిల్లాకు ఇంకో అనుభవమూ ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులకు తోడే కేసీ వ్యాలీ పథకానికి వెయ్యి కోట్లకు పైగా ఖర్చయింది. 2018లో నీళ్లొచ్చిన కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది. హైకోర్టు ఆపి, తర్వాత వదిలింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపింది. చివరికి నీళ్లు సాగాయి, ఎండిన చెరువులు నిండాయి. అయినా మూడో దశ శుద్ధి కావాలన్న డిమాండు ఆగలేదు. అధికారులు నీటిమట్టం ఎంత పెరిగిందో చెబుతారు, రైతులు ఆ నీటిలో ఏముందని అడుగుతారు. మొదటిది రెండోదానికి జవాబు కాదు.

గుట్టల విషయంలో ఆ తప్పు జరగకుండా చూసుకునే వీలు ఇంకా ఉంది, దానికి కోట్లు అక్కర్లేదు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పంలో ధూళి కొలిచే యంత్రాలు పెట్టాలి. గుట్టల కిందివైపు బావుల్లో, బోర్లలో ఆర్సెనిక్ చూడాలి. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దని అక్కడే బోర్డు రాయాలి. ఫలితాలు వార్డు ఆఫీసు గోడ మీద కన్నడంలో, తమిళంలో, తెలుగులో ఉండాలి. ఇదంతా తొలి యంత్రం గుట్టెక్కకముందే, కనీసం ఒక ఆషాఢపు గాలుల కాలం గడిచేదాకా సాగాలి. తవ్వకం మొదలయ్యాక కొలిస్తే పాత ధూళి ఎంతో, కొత్తది ఎంతో, దానికి పరిహారం కట్టాల్సింది ఎవరో ఏ కోర్టులోనూ తేలదు.